రెండోసారి వచ్చింది టీబీయేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఐదేళ్ల కిందట టీబీ వస్తే ఆరు నెలలు మందులు వాడారు, తగ్గింది. ఏడాదిగా మళ్లీ దగ్గు. ఎనిమిది కిలోలు తగ్గారు. రెండుసార్లు కళ్లెలో రక్తం పడింది. కళ్లె పరీక్షలో క్రిములు లేవన్నారు కానీ ఎక్స్‌రే చూసి టీబీ మందులే మళ్లీ మొదలుపెట్టారు. నాలుగో నెల, గుణం లేదు. క్యాన్సరేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, పాత టీబీ ఉంది, కళ్లెలో క్రిములు లేవు అనగానే నాకు ముందు బూజు మీదికి పోతుంది అనుమానం. టీబీ తగ్గినా ఊపిరితిత్తిలో ఒక్కోసారి క్యావిటీ, అంటే గుల్ల మిగులుతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజును మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం, ఏమీ కాదు. ఆ గుల్లలో పడితే మాత్రం కాపురం పెట్టేస్తుంది. ఇక దగ్గు, రక్తం, చిక్కిపోవడం అన్నీ అచ్చం టీబీలాగే.

నేనూ పొరబడ్డాను. ప్రాక్టీసు కొత్తలో ఒక మిల్లు కార్మికుడికి ఇలాగే రెండోసారి టీబీ మందులు రాశాను. ఐదో నెలలో సీటీ తీయిస్తే గుల్లలో నిమ్మకాయంత ఉండ, దాని పైన నెలవంకలా గాలి. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయించాను. ఉండ గజ్జెలో గుండులా అటు జారింది. క్యాన్సర్ గడ్డ అలా జారదు. అయితే అందరికీ ఉండ కట్టదు, గుల్ల గోడ మందమవడం ఒక్కటే కనిపించొచ్చు.

నాన్నగారికి ఛాతీ సీటీ, రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ (ఆ బూజు మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) పరీక్ష చేయించమని మీ డాక్టరుగారిని అడగండి. ఐజీఈ కాదు, ల్యాబ్‌లో గట్టిగా చెప్పండి. ఐజీఈ పరీక్ష ఆస్తమావాళ్లకొచ్చే అలర్జీ రకానికి. కళ్లెను టీబీ కల్చర్‌కీ (క్రిములను పెంచి చూసే పరీక్ష), ఫంగస్ అంటే బూజు కల్చర్‌కీ పంపాలి. సీబీనాట్ (కళ్లెలో టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పాత రోగుల్లో చచ్చిన క్రిములకూ పాజిటివ్ రావచ్చు. సీటీలో గడ్డ అనుమానంగా ఉంటే ముక్క పరీక్ష తప్పదు.

బూజేనని తేలితే ఇట్రాకొనజోల్ అనే బూజు మందు కనీసం ఆరు నెలలు వాడాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ దాన్ని పనిచేయనివ్వదు, గ్యాస్ మాత్రలు క్యాప్సూల్‌ని ఒంటికి పట్టనివ్వవు. అలాగని టీబీ మందులు మీ అంతట మీరు ఆపేయకండి. రక్తం ఎక్కువగా పడితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

వెళ్లేటప్పుడు ఐదేళ్ల కిందటి ఎక్స్‌రే వెతికి తీసుకెళ్లండి, పరుపు కింద ఉన్నా సరే. కొత్తదాని పక్కన పెడితే ఏది పాత మచ్చో, ఏది ఈ ఏడాది పెరిగిందో డాక్టరుకు తెలుస్తుంది.