మాయకూ ఓ షరతుండాలి

ప్రశ్న: ఈ కాలంలో జరిగే కథే అయినా అందులో ఓ దేవకన్యో మంత్రగాడో ఉండే కుటుంబ చిత్రాలు కొన్ని ఇంటిల్లిపాదినీ కట్టిపడేస్తాయి. కొన్నేమో గ్రాఫిక్స్ ఎంత బాగున్నా అరగంటకే ఆవలింతలు తెప్పిస్తాయి. ఎందుకని?

జవాబు: లోపం చాలాసార్లు షరతులో ఉంటుంది. ఫ్రెంచ్ రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన సిండరెల్లా కథే చూడండి. గుమ్మడికాయ బండి కావడం, చిట్టెలుకలు గుర్రాలు కావడం ముచ్చటే. కానీ కథకు ఉరుకులు నేర్పింది ‘అర్ధరాత్రి దాటితే అంతా మామూలే’ అన్న మాట. అది తీసేస్తే పరుగూ లేదు, జారిపోయిన చెప్పూ లేదు. జానపద కథల్ని విప్పి 31 ఘట్టాలుగా పేర్చిన రష్యన్ పండితుడు వ్లదీమిర్ ప్రాప్ (1928) జాబితాలో రెండోది ‘వద్దని చెప్పడం’, మూడోది ‘ఆ పనే చెయ్యడం’!

సినిమాలో ఆ షరతు మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లోపే తెలిసిపోవాలి. మాటల్లో చెబితే చాలదు. దాన్ని మీరినందుకు చిన్న నష్టం ఒకటి జరిగినట్టు కళ్లకు కట్టాలి. ఆ తర్వాత మార్చకూడదు. పతాక సన్నివేశంలో దేవకన్యకు ఉన్నట్టుండి కొత్త శక్తి పుట్టుకొచ్చిందంటే, అప్పటిదాకా పడ్డ ఆత్రమంతా గాలికి పోయినట్టే.

రెండో లోపం, మామూలు ప్రపంచం పలచగా ఉండటం. కారే కుళాయి, కట్టని అద్దె, చార్జర్ కోసం కొట్టుకునే అన్నాచెల్లెళ్లు నిజమనిపిస్తేనే వాళ్లింట్లో దిగిన దేవకన్య వింతగా తోస్తుంది. ఇక సెల్‌ఫోన్. ఒక్క ఫొటో తీస్తే రహస్యం బట్టబయలు కాబట్టి రచయితలు ఫోన్ పగలగొట్టేస్తారు, లేదా సిగ్నల్ లేదనేస్తారు. బద్ధకపు పని. ఫొటోలో దేవకన్య బదులు ఖాళీ కుర్చీ పడుతుందని షరతులోనే కలిపేస్తే కథకు ఇంకో మెలిక దొరుకుతుంది. పెద్దల కోసమంటూ పిల్లలకు అర్థంకాని జోకులు ఇరికించడం కూడా దండగే. కథలో అమ్మకో నాన్నకో సొంతంగా ఓ కోరిక ఉంటే పెద్దలు వాళ్లంతట వాళ్లే కూర్చుంటారు.

ప్రశ్న: ఈ కథల్లో చెడ్డది ఎప్పుడూ సవతి తల్లేనా?

జవాబు: కాదు. జర్మన్ జానపద కథల్ని పోగుచేసిన గ్రిమ్ సోదరుల 1812 నాటి తొలి ముద్రణలో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819 ముద్రణకు ఆమెను సవతి తల్లిని చేశారు. అంటే ఈ కథలో సవతి తల్లిపై పడ్డ చెడ్డ ముద్ర సంపాదకులుగా ఆ సోదరుల చలవే. కొత్తగా రాసేవాళ్లు దాన్నే మోయాల్సిన పనిలేదు.

ప్రశ్న: పిల్లలతో చిన్న సినిమా తీస్తున్నాం. బల్ల మీద మూరెడు దేవకన్య నిలబడి పాపతో మాట్లాడాలి. గ్రాఫిక్స్‌కు డబ్బుల్లేవు. దారుందా?

జవాబు: కెమెరాతోనే చెయ్యొచ్చు. లెన్స్ నుంచి దూరం ఎన్ని రెట్లయితే మనిషి అన్నో వంతుకు తగ్గి కనిపిస్తాడు. పాపను 1.5 మీటర్ల దూరంలో, దేవకన్యను 6 మీటర్ల దూరంలో ఉంచితే 160 సెంటీమీటర్ల నటి 40 సెంటీమీటర్ల బొమ్మంత అవుతుంది.

వెనకామె మసకబారితే గుట్టు రట్టు. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరాకు 24 ఎం.ఎం. లెన్స్ వేసి, అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/11లో ఉంచి, ఫోకస్ 1.8 మీటర్ల దగ్గర పెట్టి వదిలెయ్యండి. దాదాపు 90 సెంటీమీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఆటోఫోకస్ తప్పకుండా ఆపాలి, లేదంటే అది పాప ముఖానికే అతుక్కుంటుంది. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/11కు 8 రెట్ల వెలుతురు కావాలి. కాబట్టి పగలు, ఆరుబయట తీస్తే ఖర్చు తప్పుతుంది.

అసలు కిటుకు పాదాల దగ్గరుంది. బల్ల 75 సెంటీమీటర్లుంటే లెన్స్ మధ్యభాగం కూడా సరిగ్గా 75 దగ్గరే ఉండాలి. వెనక నటి నిలబడే వేదిక ఎత్తూ అంతే. అప్పుడు ఆమె పాదాలు బల్ల అంచు మీదే ఆనినట్టుంటాయి. లెన్స్ కాస్త పైకెక్కితే పాదాలకూ బల్లకూ మధ్య సందు కనిపిస్తుంది, కిందికి దిగితే మడమలు మాయమవుతాయి. బల్ల ముందు నేల దాకా గుడ్డ వేలాడదీస్తే వేదిక కనబడదు.

తర్వాత చూపులు. ఇద్దరూ నిజంగా ఒకరినొకరు చూసుకుంటే తెరమీద చూపులు కలవవు. పాప బల్లపైన ఖాళీలోకి, 40 సెంటీమీటర్లలోపు ఎత్తుకు చూడాలి. అక్కడ ఓ పుల్లకు రంగు కాగితం గుచ్చి సాధన చేయించి, టేక్ ముందు తీసెయ్యండి. దేవకన్య కెమెరా వైపు చూడకుండా తన పక్కకు, పైకి చూడాలి. వెలుగు ఇద్దరికీ ఒకే వైపు నుంచి పడాలి. ఆమె గొంతు దూరం నుంచి వచ్చినట్టుండకుండా కాలర్ మైకు పెట్టండి.

ట్రైపాడ్ మాత్రం అంగుళం కూడా కదపకండి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి భాగంలో (2001) కెమెరా కదులుతున్నా ఈ భ్రమ చెదరలేదంటే, దాంతోపాటు నటుణ్నీ లెక్కప్రకారం జరిపారు కాబట్టి. అది మీ బడ్జెట్ సంగతి కాదు. చేతికి చెయ్యి అందించే షాట్ ఉంటే చిన్న బొమ్మ చేతితో విడిగా క్లోజప్ తీసుకోండి.

ప్రశ్న: మా నాలుగేళ్లవాడు మంత్రగత్తె కనబడగానే ఏడుపు లంకించుకుంటాడు. ‘అది ఉత్తిదేరా’ అన్నా వినడు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ వయసుకు ఆ మాట పనిచెయ్యదు. పిల్లలపై టీవీ ప్రభావాన్ని చూసిన పరిశోధకులు జోఆన్ క్యాంటర్, సింథియా హాఫ్నర్ 1985లో చేసిన అధ్యయనంలో, మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు పాత్ర మంచిదా చెడ్డదా అన్నది చేతల కంటే రూపాన్ని బట్టే ఎక్కువగా తేల్చుకున్నారు. పెద్ద పిల్లలు చేతల్ని చూస్తారు. అందుకే మీవాడికి వికారంగా ఉండే మంచి భూతమూ భయమే. మామూలు మనిషి కళ్లముందే భూతంగా మారే ఘట్టం మరీ కష్టం.

ఒళ్లో కూర్చోబెట్టుకోండి, ఇష్టమైన బొమ్మ చేతికివ్వండి. నేపథ్య సంగీతమే సగం భయపెడుతుంది కాబట్టి మంత్రగత్తె వచ్చేముందు శబ్దం బాగా తగ్గించండి. కథ చివర్లో ఆమె ఓడిపోతుందని ముందే చెప్పెయ్యండి, వాడికి సస్పెన్స్ పోయిందన్న దిగులేం ఉండదు. అయినా ఏడిస్తే సినిమా ఆపి, ఏడాది తర్వాత మళ్లీ పెట్టండి.