తారల నీతుల మీద రాసేముందు: ఒక యువ రచయితకు లేఖ

విజయనగరం

బాబూ,

చిరంజీవి అని మొదలుపెడదామనుకుని, నీ వ్యాసం సినిమావాళ్ల మీద కదా అని ఆగాను.

"కోట్లున్నవాళ్లు మనకు నీతులు చెప్పాలా?" చదివాను. రెండువేల మాటల పైచిలుకు ఉంది. పత్రికలో సంపాదకీయం పేజీకి పంపాలంటే ఎనిమిది వందలకు తేవాలి. ముందు మొదటి మూడు పేరాలు తీసెయ్యి. వాటిలో కార్ల పేర్లున్నాయి, జూబ్లీహిల్స్ మేడలున్నాయి, గురివింద గింజ ఉంది, చివర్లో కన్యాశుల్కం గిరీశం ఉన్నాడు. మన వైపు నుంచి ఈ విషయం మీద ఎవరు రాసినా బొంకులదిబ్బ నుంచి ఆయన్ని లాక్కొచ్చేస్తారు. వందేళ్లు దాటినా పాపం ఆయనకి సెలవు దొరకలేదు. ఈసారికి వదిలెయ్యి.

నీ వ్యాసం మొత్తం నిలబడింది ఒక్క మాట మీద: "డబ్బున్నవాడికి చెప్పే అర్హత లేదు." ఆ గుంజ పుచ్చిపోయింది. హెల్మెట్ పెట్టుకోమని కోటీశ్వరుడు చెప్పినా, రిక్షా తొక్కేవాడు చెప్పినా తలకాయ ఒకటే. మాట నిజమా కాదా అన్నది చెప్పినవాడి ఆస్తిని బట్టి తేలదు. డబ్బు సంగతి లెక్కలోకి వచ్చేది ఇంకోచోట. ఆ సలహా పాటిస్తే ఖర్చు ఎవరి మీద పడుతుంది? చెప్పినవాడి మీదా, విన్నవాడి మీదా? నీ వ్యాసం అడగాల్సింది ఇదీ. "చెప్పాలా వద్దా" అని అడిగితే రాజ్యాంగం 19వ అధికరణం చూపించి నీ నోరు మూయిస్తారు. "ఖర్చెవరిది" అని అడిగితే మాత్రం ఎవరైనా లెక్క చెప్పాల్సిందే.

లెక్క ఎలా వేస్తారో నీ ఊరి పక్కనుంచే చూడు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస: శ్రీకాకుళం తీరాన ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఏ ప్రముఖుడు మాట్లాడినా ఈ మండలాల పేర్లే వస్తాయి. మైకు పట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఇచ్చే సలహా "నీళ్లు బాగా తాగండి." ఎండలో కొబ్బరితోటలో, జీడితోటలో పనిచేసేవాడికి అది మంచి మాటే. డయాలసిస్ మీదున్నవాడికి అదే మాట ప్రమాదం. అతనికి డాక్టరు రోజుకిన్ని నీళ్లని కొలిచి ఇస్తాడు, దాటితే ఒళ్లు పొంగుతుంది, ఊపిరాడదు. ఒకే వేదిక ముందు ఆ ఇద్దరూ కూర్చునుంటారు. ఇంతమందికి ఒకే వాక్యం చెబితే ఎక్కడ బెడిసికొడుతుందో నువ్వు రాయాల్సింది అక్కడ.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పడక మీద నాలుగు గంటలే గానీ, ఊరి నుంచి వెళ్లి, వంతు వచ్చేదాకా కూర్చుని, తిరిగి వచ్చేసరికి రోజు అయిపోతుంది. తోడు ఒకరు వెళ్లక తప్పదు. ఇద్దరికీ మూడేసి రోజులు, వారానికి ఆరు కూలిరోజులు పోయినట్టు. వైద్యం పూర్తిగా ఉచితమైనా ఈ ఆరు కూలిరోజుల సంగతి అలాగే ఉంటుంది. "ఆరోగ్యమే మహాభాగ్యం" అన్న తార ప్రసంగం పక్కన ఈ లెక్క పెట్టు, అంతే. ఎత్తిపొడుపు అక్కర్లేదు.

జబ్బుకు కారణం మీద జాగ్రత్త. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదొక్కటే కారణమని ఇంతవరకు తేలలేదు. నీ చిత్తుప్రతిలో "విషపు నీళ్ల వల్ల" అని రెండుచోట్ల తేల్చేశావు. తెలియకుండా మాట్లాడుతున్నారని తారలను తిడుతూ నువ్వూ అదే పని చేశావు. అది కొట్టెయ్యి.

ఇక పవన్ కల్యాణ్ ఉద్దానం రావడం గురించి రాసిన పేరా. అక్కడ నీ అభిమానమో దురభిమానమో పైకి కనిపిస్తోంది. ముందు ఒక కాగితం మీద తేదీలు వరసగా వేసుకో. 2017 జనవరిలో ఇచ్ఛాపురంలో రోగులను కలిశారు. అదే ఏడాది జులైలో హార్వర్డ్ వైద్యులు వచ్చారు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రారంభించారు, హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల తాగునీటి పథకం కూడా. ఈ మూడు తేదీలకు చాలా ఏళ్ల ముందు నుంచే స్థానిక వైద్యులు, ఊళ్లవాళ్లు ఈ జబ్బు గురించి మొత్తుకుంటున్నారు. కాగితం మీద ఇదంతా ఉన్నాక "ఆయన వచ్చాడు గనకే ఆసుపత్రి వచ్చింది" అని రాయలేవు, "ఓట్ల కోసం వచ్చాడు, అంతే" అనీ రాయలేవు. ముందొకటి జరిగింది, తరవాత ఒకటి జరిగింది. మధ్యలో ఏం జరిగిందో చూపించగలిగితేనే రెండింటినీ కలుపు, లేకపోతే తేదీలు వేసి వదిలెయ్యి. ఇంకోమాట. సినిమా మనిషి రాజకీయ పార్టీ పెట్టాక అతని ఉపదేశాన్ని తార ఉపదేశంగా తూచకూడదు. ఓటు అడిగేవాడికి జవాబుదారీ ఉంటుంది, తారకు ఉండదు. రెండూ ఒకే పేరాలో కలపడం వల్లే నీ వాదన కలగాపులగమైంది.

పని చేసిన ఉపదేశం ఒకటి చూడు. పోలియో చుక్కల ప్రచారంలో అమితాబ్ బచ్చన్ ఏమడిగాడు? ఐదేళ్లలోపు పిల్లని ఫలానా ఆదివారం బూత్‌కి తీసుకురమ్మన్నాడు. పైసా ఖర్చు లేదు, బూత్ వీధిచివరే, తేదీ ముందే చెప్పారు, రాకపోతే మర్నాడు ఇంటికే వస్తారు. 2011 జనవరి 13 తరవాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. ఆ ఘనత ఎండలో ఐసుపెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్లది. ఆయన చేసింది చాటింపు. మన ఊళ్లలో చాటింపు వేసేవాడు డప్పు కొట్టి ఫలానా రోజు ఫలానా చోటికి రండని చెప్పి పోతాడు, రచ్చబండ ఎక్కి తీర్పులు చెప్పడు. తార చాటింపు వేస్తున్నాడా, తీర్పు చెబుతున్నాడా అని ప్రతి ఉదాహరణనూ అడుగు. నీ దగ్గరున్న పదకొండు ఉదాహరణల్లో ఏడెనిమిది అక్కడే విడిపోతాయి. ఉద్దానానికీ అలాంటి చాటింపు పనికొచ్చేది: ఏడాదికోసారి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, ఒంటినొప్పులకి దుకాణంలో మాత్రలు కొని మింగకండి. జబ్బు మొదట్లో బయటపడదు, నొప్పిమాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రెండే వాక్యాలు, పరీక్ష దగ్గర్లో ఉచితంగా దొరికితే పాటించడం కష్టం కాదు.

రక్తదానం సంగతి నీ వ్యాసంలో లేనే లేదు. ఉండాలి. తార మాట పనిలోకి దిగితే ఎంత మేలో, ఎక్కడ తప్పుతుందో రెండూ అందులో కనబడతాయి. చిరంజీవి 1998లో రక్తనిధి పెట్టారు. దానికి లైసెన్సు కావాలి, ప్రతి సంచికీ నమోదు ఉండాలి, అంటే మాటని కొలిచే కొలత ఉంది. ఇక అభిమానుల శిబిరాలు చూడు. చిరంజీవి పుట్టినరోజు ఆగస్టు 22, పవన్ కల్యాణ్‌ది సెప్టెంబర్ 2. మధ్యలో పదకొండు రోజులు. ఒకసారి రక్తం ఇచ్చిన మగవాడు మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి, ఆడవాళ్లు నాలుగు నెలలు. మొదటి శిబిరంలో ఇచ్చిన కుర్రాడు రెండోదానికి పనికిరాడు. తీసిన రక్తం నిలవ ఉండేది 35 రోజులు, ఎర్రకణాలను విడదీసి తగిన ద్రవంలో ఉంచితే 42. అందరూ ఒక్క వారంలోనే ఇచ్చేస్తే వాడకం మించిన సంచులు గడువు దాటి పారబోతకు వెళ్తాయి, నవంబర్‌కి ఇచ్చేవాళ్లు దొరకరు. కాబట్టి "రక్తం ఇవ్వండి" అన్న పిలుపు కన్నా "మీ ఊరివాళ్లు ఈ నెల, పక్క ఊరివాళ్లు వచ్చే నెల" అన్న పిలుపు మేలు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రక్తనిధికి వెళ్లి ఏ నెలలో ఎన్ని సంచులు వచ్చాయో, ఎన్ని పారబోశారో అడిగి రాసుకో. ఆ పన్నెండు నెలల అంకెలు నీ మూడు పేరాల కోపం కన్నా గట్టిగా మాట్లాడతాయి.

ప్రకటనల గురించి నువ్వు రాసింది తప్పు. "అబద్ధపు ప్రకటనలో నటించినవాణ్ని జైల్లో పెట్టాలని చట్టం చెబుతోంది" అన్నావు. చెప్పదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద ప్రకటన చేసిన ప్రముఖుడికి 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది వరకు ఏ ప్రకటనా చేయకుండా నిషేధించవచ్చు, మళ్లీ చేస్తే మూడేళ్లు. ముందే తగినంత వాకబు చేశానని రుజువు చేసుకుంటే ఆ జరిమానా తప్పుతుంది. జైలు 89వ సెక్షన్‌లో ఉంది గానీ అది తయారీదారుకీ, సేవలందించేవాడికీ. ఇంకొకటి: ఏ సరుకునూ సేవనూ ప్రకటించని ఉత్త ఉపదేశానికి ఈ సెక్షన్లు వర్తించవు. ప్లాస్టిక్ వదలమని చెప్పిన నోరే ప్లాస్టిక్ సీసాలో కూల్‌డ్రింక్ అమ్ముతుంటే అది చట్టవిరుద్ధం కాదు, సిగ్గులేనితనం మాత్రమే. దానికి దాని పేరే పెట్టు.

ప్లాస్టిక్ మాటొచ్చింది కాబట్టి. 120 మైక్రాన్లలోపు మందం ఉన్న ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం. అయినా సంతలో ఎండుచేపలమ్మే ఆమెనే అందరూ మందలిస్తారు. గుడ్డసంచి ఆమె కొనివ్వాలా, కొనేవాడు తెచ్చుకోవాలా? మన్యం సంతల్లో ఇప్పటికీ అడ్డాకుల్లో కట్టి ఇస్తారు. వాళ్లకి ఎవరూ ఉపదేశం చెయ్యలేదు.

విరాళాల దగ్గర క్రియాపదాలు చూసుకో. "ప్రకటించారు", "ఇచ్చారు", "దత్తత తీసుకున్నారు" మూడూ వేరు. ప్రకటన పేపర్లో వస్తుంది, ఇచ్చినట్టు రసీదు వస్తుంది. గ్రామ దత్తతకి చట్టంలో ఏ రూపమూ లేదు, ఊరు పంచాయతీదే. ఏ పని జరిగిందో తెలుసుకోవాలంటే సమాచారహక్కు దరఖాస్తు పెట్టు. తారకి పెట్టలేవు, పంచాయతీకి, కలెక్టరేటుకి పెట్టగలవు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా తార ఇచ్చిన సొమ్ముతో మా ఊళ్లో ఏం కట్టారు" అని అడక్కు, "సమాచారం లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా ప్రైవేటు విరాళాలతో జరిగిన పనుల జాబితా, అంచనా విలువ, పూర్తయిన తేదీ, కొలతల పుస్తకం నకలు: ఇలా కాగితం పేరుపెట్టి అడుగు. పన్ను సంగతి కూడా ఒక వాక్యంలో రావాలి. పాత పన్ను విధానంలో ముఖ్యమంత్రి సహాయనిధికిచ్చిన సొమ్ముకి నూటికి నూరు మినహాయింపు. 30 శాతం శ్లాబులో ఉన్నవాడు కోటి ఇస్తే, అందులో కనీసం 30 లక్షలు ఎలాగూ పన్నుగా కట్టాల్సినవే. అది తప్పేం కాదు. "జేబులోంచి కోటి" అని రాయడం మాత్రం తప్పు.

అలాగని ఇచ్చినవాళ్లని చిన్నబుచ్చకు. 1977 దివిసీమ ఉప్పెన తరవాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలెపట్టి ఊళ్లు తిరిగారు. 2014లో హుద్‌హుద్ తుపాను తరవాత సినీ పరిశ్రమ అంతా ఒకరోజు కూర్చుని నిధులు పోగుచేసింది. అవి నీతిబోధలు కావు, చెయ్యి చాచి అడగడం. తారల మాట చిక్కల్లా దాని ఆయుష్షులో ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరిని పడగొట్టింది. ట్వీట్లు వారం నడిచాయి. దేశవాళీ పొడుగు రకం కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఆరు నుంచి ఎనిమిదేళ్లు. ఆ ఏడాదే నాటిన మొక్క కాపు పట్టే వయసుకి ఈమధ్యే వచ్చింది. నీ ముగింపు అక్కడుంది చూడు, కవిటి తోటల్లోకి వెళ్లి ఒక మొక్క కింద నిలబడు.

గిడుగు రామమూర్తి గారి గురించి నువ్వు రాసిన పేరా ఉంచుకో, చిన్నది చెయ్యి. ఆయన సవరలకు చదువు చెప్పబోయేముందు తాను సవర నేర్చుకున్నాడన్న ఒక్క వాక్యం చాలు. వ్యావహారిక భాష ఉద్యమం అంతా ఇక్కడ చెప్పనక్కర్లేదు.

చిన్న తప్పులు కొన్ని. రాజాం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కాదు, 2022 ఏప్రిల్ 4 నుంచి మా జిల్లాలోకి వచ్చింది. సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయాయి. ముసలాయన మాటని "ఏటి బాబూ, ఆళ్లకేటి తెలుస్తాది" అని రాసి, అదే పేరాలో డాక్టరు మాటని పుస్తకాల భాషలో పెట్టావు. ఆ డాక్టరూ మన వైపువాడే కదా, ఆయనా అలాగే మాట్లాడి ఉంటాడు. ఇద్దరి యాసా ఉంచు, లేదా ఇద్దరిదీ తియ్యి. ఒక్కడి యాసే ఉంచితే చదివేవాడు నవ్వుకుంటాడు, అప్పుడు నువ్వు కూడా వేదికెక్కినట్టే.

రెండో ప్రతి పంపేటప్పుడు రక్తనిధి అంకెలు వేరే కాగితం మీద, ఏ తేదీన ఎవరిని అడిగి తెచ్చావో రాసి జతచెయ్యి. డయాలసిస్ లెక్క ఏ పేరాలో పెట్టావో అంచున గీత గీసి ఉంచు, ముందు అదే చూస్తాను.

ఉంటాను.