నవంబరులో వీసా గడువు.. ఆగస్టులో క్రీట్ విహారమా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, ఈ నవంబరు 9తో ముగుస్తుంది. ప్రస్తుత ఉద్యోగంలో చేరి 14 నెలలైంది. వీసా పొడిగింపులో నా ఒక్కడి ఖర్చు మాత్రం కంపెనీ భరిస్తుంది. ఆగస్టు 15 నుంచి 22 వరకు గ్రీసులోని క్రీట్ ద్వీపంలో ఆల్ ఇన్‌క్లూజివ్ (బస, భోజనం, మద్యం అన్నీ కలిపిన) ప్యాకేజీ తీసుకున్నాను. నాకు, నా భార్యకు, ఎనిమిదేళ్ల పాపకు, నాలుగేళ్ల బాబుకు కలిపి 4,600 పౌండ్లు. 240 పౌండ్లు డిపాజిట్ కట్టాను, మిగతాది మే నెలాఖరులోగా కట్టాలి. ఇక్కడ ఇంటి ఖర్చు నెలకు 2,700 పౌండ్లు. విజయవాడలో తాళం వేసి ఉన్న ఫ్లాటుకు నెలకు రూ.38,000 ఈఎంఐ వెళుతోంది. అన్నీ పోగా నెలకు 500 మిగులుతోంది, బ్యాంకులో 2,000 పౌండ్లు ఉన్నాయి. తక్కువ పడే డబ్బుకు అమ్మ దగ్గరున్న నా భార్య నగలపై రూ.3 లక్షల గోల్డ్ లోన్ తీసుకోవాలా, ఇక్కడ సున్నా వడ్డీ క్రెడిట్ కార్డు వాడాలా? ఏది లాభం?

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పు చవక అని అడిగారు గానీ, నవంబరు 9న ఎంత కట్టాలో మీరు లెక్క వేసుకున్నట్టు లేదు. నేను వేశాను.

వీసా మూడేళ్లకు పొడిగించారనుకుందాం. ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మూడేళ్లదీ దరఖాస్తు సమయంలోనే కట్టాలి, వాయిదాల మాట లేదు. మీ భార్యకు 3,105, పిల్లలిద్దరికీ కలిపి 4,656, వెరసి 7,761 పౌండ్లు. దరఖాస్తు రుసుము మనిషికి దాదాపు 900 చొప్పున ముగ్గురికీ మరో 2,700. అంటే పదివేల నాలుగు వందల పౌండ్ల పైమాటే. మీ 2,000కు ఈ తొమ్మిది నెలల పొదుపు 4,500 కలిపితే అయ్యేది 6,500. క్రీట్ మాట ఎత్తకముందే మీకు దాదాపు 4,000 పౌండ్లు తక్కువ.

అసలు ఈ ప్రయాణం సాగుతుందా అన్నది ఇంకో అనుమానం. భారత పాస్‌పోర్టుతో గ్రీసు వెళ్లాలంటే షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చేది) కావాలి. యూకేలో ఉండేందుకు మీకున్న అనుమతి, షెంగెన్ దేశాల నుంచి తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలని సాధారణంగా అడుగుతారు. ఆగస్టు 22కు మూడు నెలలు కలిపితే నవంబరు 22. మీ గడువు 9. వీసా రాకపోతే కట్టిన ఫీజు తిరిగి ఇవ్వరు, మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు ఆ నష్టాన్ని భరించదు. పోనీ ముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టి బయల్దేరదామంటారా? అది పరిశీలనలో ఉండగా మీరు దేశం దాటితే, దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే లెక్కిస్తారు. ప్యాకేజీ అమ్మినవాళ్లు ఇవేవీ చెప్పరు. వాళ్లకు ఆ అవసరం లేదు.

ఇక నేను ప్రతి ఉత్తరానికీ చెప్పే మాట. అత్యవసర నిధి ఎక్కడ? బ్యాంకులో ఉన్న 2,000 పౌండ్లేనా? అది మీ ఇంటికి మూడు వారాల ఖర్చు. దాన్ని కూడా రిసార్టుకు కట్టేద్దామనుకుంటున్నారు! విదేశాల్లో ఉన్న మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. ఆస్తి అంతా సొంతూళ్లో పెడతారు, బతుకు మాత్రం ఇక్కడ నెల జీతం మీద నడుస్తుంటుంది. ఉద్యోగం పోతే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి సాధారణంగా 60 రోజులే గడువు. ఆలోగా వీసాకు పూచీ ఉండే మరో కంపెనీ, అంటే స్పాన్సర్, దొరకాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. చట్టప్రకారం వచ్చే రిడెండెన్సీ చెల్లింపు రెండేళ్ల సర్వీసు నిండితే తప్ప రాదు, మీకు 14 నెలలే. ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు మీ వీసాలోనే ఉంది కాబట్టి యూనివర్సల్ క్రెడిట్ ఆశ కూడా లేదు. విజయవాడ ఫ్లాటును 60 రోజుల్లో అమ్మి, డబ్బు రెడింగ్‌కు తెప్పించి, ఇంటి అద్దె కట్టగలరా?

స్పాన్సర్‌షిప్ మీద ఉన్న కుటుంబానికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాను. మీ విషయంలో అది 16,200 పౌండ్లు. ఒక్కసారిగా కాదని తెలుసు. ముందు 60 రోజుల ఖర్చు 5,400, దాని మీద నలుగురూ హైదరాబాద్ చేరే టిక్కెట్ల డబ్బు. ఇది పౌండ్లలో, యూకే బ్యాంకులోనే, అడిగిన రోజు చేతికొచ్చేలా ఉండాలి. ఊళ్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందిలే అని నాకు రాయకండి.

గోల్డ్ లోన్ సంగతి. తాకట్టు మీ అమ్మగారి పేరు మీద పెట్టిస్తారు, నగలు మీ భార్యవి, డబ్బు ఖర్చయ్యేది క్రీట్‌లో. గడువుకు రెన్యువల్ చేయకపోతే వేలం నోటీసు వెళ్లేది విజయవాడలో మీ అమ్మగారి గుమ్మానికి. వారం రోజుల ఈతకొలను కోసం ఆవిడను ఈ ఇరకాటంలో పెడతారా? పైగా నవంబరులో వీసా డబ్బు నిజంగా తక్కువ పడితే మీకు మిగిలిన చివరి ఆధారం ఆ బంగారమే. సున్నా వడ్డీ కార్డు మరీ తీపి మాట. ఆఫర్ కాలం ముగిసిన మర్నాటి నుంచి వడ్డీ ఇరవై శాతం దాటుతుంది, అప్పటికి మీ చేతిలో ఉద్యోగం, వీసా ఉంటాయన్న నమ్మకం మీద అది నడుస్తుంది.

విహారయాత్రలంటే నాకు కోపం లేదు. ప్యాకేజీ తీసుకోవడంలోనూ తప్పు లేదు. 2019 సెప్టెంబరులో బ్రిటన్ ట్రావెల్ కంపెనీ థామస్ కుక్ మూతపడినప్పుడు అటోల్ రక్షణ (ప్యాకేజీ కంపెనీ దివాలా తీస్తే ప్రయాణికులను ఆదుకునే పథకం) ఉన్నవాళ్లు సొంత ఖర్చు లేకుండా ఇల్లు చేరారు. 2023 జులైలో గ్రీసులోనే ఉన్న రోడ్స్ ద్వీపంలో కార్చిచ్చు రేగి వేలమందిని తరలించాల్సి వచ్చినప్పుడు కూడా విడివిడిగా బుక్ చేసుకున్నవాళ్లకన్నా ప్యాకేజీ వాళ్లకే అండ ఉంది. కానీ 4,600తో అంతా అయిపోతుందనుకోవద్దు. వేసవిలో నాలుగు నక్షత్రాల హోటల్లో గ్రీసు ప్రభుత్వ వాతావరణ రుసుము గదికి రాత్రికి 10 యూరోలు, చాలా చోట్ల దాన్ని రిసెప్షన్‌లో విడిగా వసూలు చేస్తారు. షెంగెన్ ఫీజు మీ ఇద్దరికీ 90 చొప్పున, పాపకు 45, మొత్తం 225 యూరోలు, ఆపై సర్వీసు చార్జీలు. మణికట్టుకు హోటల్ పట్టీ ఉంది కదా అని నోసోస్ శిథిలాల దగ్గర ఎవరూ ఊరికే భోజనం పెట్టరు. బయట అడుగుపెట్టిన ప్రతి రోజూ ముందే డబ్బు కట్టిన భోజనం వదులుకుని, మళ్లీ కొనుక్కుని తినాలి. మందు తాగని కుటుంబమైతే బార్‌లో పక్కవాళ్ల బీరుకు కూడా మీరే చందా వేసినట్టు. తర్వాతెప్పుడైనా వెళ్లేటప్పుడు వంటగది ఉన్న అపార్ట్‌మెంటు, అక్టోబరు బడి సెలవులు చూడండి.

ఈ వారం చేయాల్సినవి చెబుతాను. ప్యాకేజీ తేదీని వీసా పొడిగింపు తర్వాతకు మార్చే వీలుందేమో అడగండి. లేదంటే రద్దు చేయండి. 240 పౌండ్లు పోతాయన్న బాధతో మరో 4,360 కట్టకండి. హెచ్‌ఆర్‌ను కలిసి, కుటుంబం వీసా ఖర్చును జీతంలో కోసుకునే వడ్డీలేని అడ్వాన్సుగా ఇస్తారేమో తెలుసుకోండి, కొన్ని సంస్థలు ఇస్తాయి. విజయవాడ ఫ్లాటు తాళం తీసి అద్దెకు ఇవ్వండి. ఏడాదికి ఒకసారి వచ్చి పడుకోవడానికి నెలకు రూ.38,000 చాలా ఎక్కువ. టర్మ్ పాలసీ గురించి ఒక్క ముక్కా రాయలేదు కాబట్టి లేదనుకుంటున్నాను, అది కూడా ఈ నెలలోనే తీసుకోండి. పిల్లలకు ఈ ఆగస్టులో సముద్రం చూపించాలంటే రెడింగ్ నుంచి బోర్న్‌మత్‌కు రైలుంది, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.