ఆర్‌ఎక్స్ 100 ట్యాంకులో తుప్పు: సీలర్ ఒక్కటి పోస్తే ఆగుతుందా?

1994 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు పెట్రోలు ట్యాంకులో తుప్పు రాలుతోంది, కింది అతుకు దగ్గర పెట్రోలు చెమరుస్తోంది, సీలర్ (లోపలి రేకుకు పూతలా అంటుకుని గట్టిపడే ద్రవం) పోస్తే సరిపోతుందా అని అడిగారు. తుప్పు మీదే పోస్తే నిలవదండీ. మా నాన్నగారి బండికి ఈ పని నేనే చేశాను. కష్టమంతా కడగడంలోనే ఉంది, సీలర్‌ది చివరి పావుగంట.

ట్యాంకు అడుగున ఉండే పెట్రోలు కాక్ విప్పి పెట్రోలంతా దించేయండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే నీరు అడుక్కి దిగి రేకును తినేస్తుంది. కింది అతుకే ముందు పోయేది అందుకే.

కాక్ రంధ్రం మూసి, వేడినీళ్లు, సర్ఫ్‌తో పెట్రోలు వాసన పోయేదాకా కడగండి. గుప్పెడు నట్లు లెక్కపెట్టి లోపల వేసి బాగా ఊపండి, వేసినవన్నీ బయటికి రావాలి. తర్వాత కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీటికి 100 గ్రాముల చొప్పున కలిపి నిండా పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఆ నీళ్లు కషాయంలా దిగుతాయి, టార్చి వేస్తే లోపల బూడిదరంగు రేకు కనిపిస్తుంది. మొండి తుప్పు మిగిలితే మళ్లీ పోయండి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం వద్దు, అది మంచి రేకును కూడా తినేస్తుంది.

చివర్లో వంటసోడా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. తడి రేకు మీద చూస్తుండగానే నారింజ రంగు పొర కమ్మేస్తుంది.

తుప్పు పోయాకే అసలు చిల్లులు బయటపడతాయి. చీకటి గదిలో ట్యాంకులోకి లైటు వేసి అడుగు నుంచి చూడండి. సూదిమొనంత చుక్కలు ఒకటి రెండైతే సీలరే మూసేస్తుంది. అంతకన్నా పెద్దవైతే ముందు ఇత్తడి వెల్డింగ్ చేయించాలి. ఇక్కడ దయచేసి తొందరపడకండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది. వెల్డింగ్ చేసే చోటు మాత్రం పైకి ఉండేలా తిప్పి, మిగతాదంతా నీళ్లతో నింపి చేసే అనుభవజ్ఞుడి దగ్గరికే తీసుకెళ్లండి.

సీలర్ రెండు భాగాలు కలిపే ఎపాక్సీ రకం, ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. మామూలు ఫైబర్ రెసిన్ ఈ పెట్రోలుకు మెత్తబడిపోతుంది. కాక్ రంధ్రాన్ని గ్రీజు రాసిన బోల్టుతో మూసి, ట్యాంకును అన్ని వైపులకూ తిప్పి, మిగిలింది ఒంచేయండి. డబ్బా మీద చెప్పినన్ని రోజులు ఆరనివ్వండి.

అతుకు పక్కన బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోతోందంటే ఇవేవీ వద్దు, ట్యాంకే మార్చండి.