కంపెనీ డబ్బు వాడుకుని మార్చిలో కట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న: భార్యాభర్తలం ఇద్దరమే వాటాదారులుగా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టి అట్టపెట్టెలు తయారు చేస్తున్నాం. నా వాటా 60 శాతం, ఆమెది 40. పన్ను పోటుకు భయపడి ఇంతవరకు డివిడెండ్ (లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్ము) ప్రకటించలేదు. స్థలం కొనడానికి జూన్‌లో కంపెనీ ఖాతా నుంచి 18 లక్షలు తీసుకున్నాను. మార్చిలోగా తిరిగి కట్టేస్తే ఇబ్బంది ఉండదు కదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంటుంది. మీరు చేబదులు అనుకుంటున్న సొమ్మును చట్టం డివిడెండ్ అంటుంది. 10 శాతం, ఆపైన ఓటుహక్కు ఉన్న వాటాదారుకు ఇలాంటి కంపెనీ అప్పిస్తే, పోగైన లాభాల మేరకు అది డివిడెండ్ కిందే లెక్క. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది సెక్షన్ 2(22)(ఇ). ఏడాది తిరక్కుండా తీర్చేసినా పన్ను తప్పదని 1977లోనే తరులతా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ భార్య పేరున తీసుకున్నా ఇదే చిక్కు.

మీ భయం అర్థం కానిది కాదు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ పన్ను కంపెనీ నెత్తి నుంచి వాటాదారు నెత్తికి మారింది. కంపెనీ 22 శాతం పన్ను విధానంలో ఉంటే సర్‌చార్జి, సెస్సులతో కలిపి వంద రూపాయల లాభంలో 25.17 పోతాయి. మిగిలినది డివిడెండ్‌గా తీసుకుంటే, 30 శాతం శ్లాబులో మీ చేతికందేది సుమారు 51.50. అదే వందను జీతంగా తీసుకుంటే కంపెనీకి ఖర్చు కింద పోతుంది, మీకు 68.80 మిగులుతుంది. అందుకే చిన్న కంపెనీల యజమానులు డివిడెండ్ మాటెత్తరు. అయితే జీతం రాసుకోవాల్సిన చోట చాలామంది మీలాగే గల్లాపెట్టెలో చెయ్యి పెడతారు. జీతానికి బోర్డు తీర్మానం, చేసే పనికి తగిన మొత్తం ఉంటే చాలు. మరీ ఎక్కువగా రాస్తే ఆ మేరకు ఖర్చును అధికారి ఒప్పుకోరు.

ముందు లెడ్జర్ తీయండి. గతంలో మీరు కంపెనీకి పెట్టిన సొంత డబ్బు బాకీ ఉంటే, ఆ మేరకు తీసుకున్నది అప్పు కాదు. తర్వాత పోగైన లాభం చూడండి. అది 14 లక్షలే అయితే పన్ను 14 లక్షల మీదే. దాని మీద కంపెనీ 10 శాతం, అంటే 1.40 లక్షల టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) కోసి ఉండాల్సింది. కోయకపోతే వడ్డీ నడుస్తోంది, వెంటనే కట్టించండి. ఇలా పన్ను పడ్డ అప్పుకు ముందుముందు ప్రకటించే డివిడెండ్‌ను జమ చేసుకుంటే, ఆ మేరకు మళ్లీ పన్ను ఉండదు.

కంపెనీల చట్టం సెక్షన్ 185 డైరెక్టర్లకు అప్పివ్వడాన్ని నిషేధిస్తుంది. ప్రైవేటు కంపెనీలకు మినహాయింపు ఉన్నా, కంపెనీకి ఉన్న బ్యాంకు అప్పులు, వాటాదారులు చెల్లించిన మూలధనానికి రెట్టింపుకన్నా తక్కువగా ఉండాలన్నది అందులో ఒక షరతు. లక్ష రూపాయల మూలధనంతో పెట్టిన కంపెనీ అయితే రెండు లక్షల ఓవర్‌డ్రాఫ్టుకే ఆ మినహాయింపు పోతుంది. మీ ఓవర్‌డ్రాఫ్టు ఎంతో రాయలేదు. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా పట్టుకుని ఈ వారమే ఆడిటర్‌ను కలవండి.