రొటొరువా ట్రిప్: ముందు గొర్రెల షో, తర్వాతే కొండ మీంచి దొర్లడం

సందేహం: మేం ఈ మధ్యే న్యూజిలాండ్‌ వచ్చి హామిల్టన్‌లో చదువుకుంటున్నాం. మా స్టూడెంట్ గ్రూపు ఒకరోజు రొటొరువా ట్రిప్ పెట్టింది. పొద్దున ఫామ్ షో, మధ్యాహ్నం జోర్బ్, లూజ్, ర్యాఫ్టింగ్. గొర్రెల్ని చూడటానికి టికెట్టెందుకు, ఆ డబ్బుతో ఇంకో రైడ్ ఎక్కుదామని సగంమంది అంటున్నారు. నాకేమో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: ఫామ్ షో మాత్రం మానకండి. ఇక్కడ స్థిరపడ్డవాడిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఈ దేశం పాడి మీద, మంద మీద బతుకుతోంది. మీ హామిల్టన్ చుట్టూ ఉన్న వైకాటో అంతా పాడి రైతులదే. చదువు పేరుతో నాలుగు గోడల మధ్యే ఉండిపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఈ ఫామ్ షో జరిగేది రొటొరువా శివార్లలో న్గొంగొటాహా దగ్గరున్న ఆగ్రోడోమ్‌లో, అది 1971లో మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో ఒకరు గోడ్‌ఫ్రే బోవెన్. గొర్రె ఉన్నిని వేగంగా, జీవానికి గాయం కాకుండా తీసే పద్ధతికి పేరు తెచ్చిన మనిషి. ఆయన అన్న ఐవన్ 1961లో మాస్టర్టన్‌లో జరిగిన మొట్టమొదటి గోల్డెన్ షియర్స్ ఉన్ని తీసే పోటీలో గెలిచాడు. ఉన్ని తీయడం ఇక్కడ కూలిపనిగా మిగిలిపోలేదు, జనం టికెట్టు కొని చూసే పోటీ అయింది. షోలో 19 జాతుల పొట్టేళ్లు ఒక్కొక్కటే వేదికెక్కి తన చోటులో నిలబడతాయి. మెరీనో ఉన్ని మెత్తన, ఒంటిమీద వేసుకునే బట్టలకు పోతుంది. డ్రైస్‌డేల్ ఉన్ని గరుకు, తివాచీలకు పనికొస్తుంది. ఇక్కడి పొలాల్లో ఎక్కువగా కనిపించే రోమ్నీ మాంసానికీ ఉన్నికీ రెండింటికీ పెంచేది. కుక్కలను మాత్రం జాగ్రత్తగా గమనించండి. హెడింగ్ డాగ్ నోరు మెదపకుండా చూపుతోనే మందను తిప్పుతుంది. హంటవే మొరిగి తోలుతుంది. ఈ రెండోది ఈ దేశంలోనే తయారైన జాతి.

మీలో గొల్ల, కురుమ కుటుంబాల పిల్లలుంటే వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, మాంసానికే పెంచుతారు. దక్కనీ గొర్రె నల్లటి ఉన్నితో గొంగడి నేస్తారు. అందులో పుట్టి పెరిగిన పిల్లలు అడిగే ప్రశ్నలు మిగతావాళ్లకు తట్టవు. షో అయ్యాక అక్కడివాళ్లతో మాట్లాడండి, ఓపిగ్గా జవాబిస్తారు. 1982లో ఈ దేశంలో 7 కోట్ల గొర్రెలుండేవి, ఇప్పుడు దాదాపు మూడో వంతుకు తగ్గాయి. ఎందుకని అడిగితే సబ్సిడీలు ఎత్తేయడం, ఉన్ని ధర పడిపోవడం, గొర్రెల పొలాలు ఆవుల డెయిరీలుగా, పైన్ తోటలుగా మారడం అన్నీ చెబుతారు. వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు జూన్‌లో మీ ఊరి పక్కనే మిస్టరీ క్రీక్‌లో జరిగే ఫీల్డేస్‌కు కూడా వెళ్లండి. 1969 నుంచి జరుగుతున్న పెద్ద వ్యవసాయ ప్రదర్శన అది.

ఇక రైడ్లు. జోర్బ్ అంటే పెద్ద ప్లాస్టిక్ బంతిలో కూర్చుని వాలు మీద దొర్లడం, అది పుట్టింది న్యూజిలాండ్‌లోనే. లూజ్ బండిని కొండ మీంచి మనమే నడుపుకుంటూ దిగాలి. మొదటిసారి తేలిక దారిలోనే వెళ్లండి, బ్రేకు అలవాటయ్యాకే కష్టమైన దారి. చున్నీలు, వదులు జడలు చక్రాల దగ్గరికి రాకుండా కట్టేసుకోండి. ర్యాఫ్టింగ్ అంటే రబ్బరు పడవలో జోరుగా పారే నదిలో వెళ్లడం. మీది బహుశా కైటునా నది. దాంట్లో టుటెయా జలపాతం దగ్గర పడవ 7 మీటర్లు కిందికి పడుతుంది. గైడ్ ఒడ్డు మీద చెప్పే సూచనలు ఇంగ్లిష్‌లో గబగబా సాగిపోతాయి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి, సిగ్గుపడకండి. ఈత రాదన్న సంగతి కూడా అప్పుడే చెప్పేయాలి. కడియాలు, ఉంగరాలు, గొలుసులు హాస్టల్లోనే వదిలి రండి.

ఇలాంటి సాహస క్రీడలు నడిపే చాలా సంస్థలు భద్రత ఆడిట్ పూర్తిచేసి ప్రభుత్వ భద్రతా సంస్థ దగ్గర అనుమతి పొందాలని ఇక్కడి చట్టం. ట్రిప్ పెట్టినవాళ్లు ఆ సంగతి కనుక్కున్నాకే డబ్బు కట్టాలి. సంతకం పెట్టమనే కాగితంలో ఆస్తమా, మూర్ఛ, వెన్నునొప్పి, ఈ మధ్య జరిగిన ఆపరేషన్ల గురించి అడుగుతారు. వెనక స్నేహితులు తొందరపెడుతున్నారని అన్నిటికీ 'లేదు' కొట్టేయకండి. భయమేసినవాళ్లను 'రా, ఏం కాదు' అంటూ లాగొద్దు. మన గ్రూపుల్లో ఈ బలవంతం ఎక్కువ, నాకు అస్సలు నచ్చని విషయం. దిగనివాళ్ల టికెట్టు డబ్బు వెనక్కిస్తారో లేదో ముందే కనుక్కుంటే, ఆ డబ్బు కోసమే దిగాల్సిన అవస్థ తప్పుతుంది.

ఖర్చు సంగతి. 1974 నుంచి ఇక్కడ ఏసీసీ అనే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్పెవరిదని చూడదు. పౌరులకే కాదు, స్టూడెంట్లకూ, చూడటానికి వచ్చిన మీ అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. బదులుగా, దెబ్బకు పరిహారమిమ్మని ఎవరి మీదా దావా వేసే హక్కు ఉండదు. కాలు విరిగితే ఆస్పత్రి వైద్యం గురించి దిగులు అక్కర్లేదు. మామూలు డాక్టర్ దగ్గర, ఫిజియో దగ్గర కొంత మీ జేబులోంచి పడొచ్చు. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తూ పన్ను కడుతుంటే, దెబ్బ వల్ల పనికి వెళ్లలేని రోజులకు, మొదటి వారం పోను, జీతంలో 80 శాతం దాకా ఇస్తారు. అందుకే జీతం లెక్కలో చూపకుండా నగదుగా తీసుకోకుండా పే స్లిప్ వచ్చే ఉద్యోగమే చేయండి.

ఏసీసీ చూడనివి కూడా ఉన్నాయి. జబ్బు చేస్తే అది రాదు. పగిలిన ఫోనుకు రాదు. ఇండియాకు తీసుకెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు ఇవ్వదు. వాటికి మీ స్టూడెంట్ ఇన్సూరెన్సే దిక్కు. కొన్ని పాలసీలు సాహస క్రీడల్ని పక్కన పెడతాయి కాబట్టి ట్రిప్పుకు ముందే మినహాయింపుల పేజీ చదివి, అర్థం కాకపోతే కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. అత్యవసరానికి నంబరు 111.

తిండి విషయానికొస్తే పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి, ర్యాఫ్టింగ్‌కు ముందు కడుపు నిండా తినొద్దు. ఇక్కడి దుకాణాల్లో 'మిన్స్ పై' అంటే మామూలుగా ఆవు మాంసమే, తినని వాళ్లు అడిగి కొనుక్కోండి. గొర్రెపిల్లలకు పాలు పట్టాక సబ్బుతో చేతులు కడగందే ఏదీ నోట్లో పెట్టకండి. తిరుగు ప్రయాణానికి రైడ్లు ఎక్కకుండా ఒకరు ఉంటే బాగుంటుంది. హామిల్టన్‌కు గంటన్నర దారి, మమాకు కొండల దగ్గర మంచు దిగుతుంది, రోజంతా అరిచి అలసిన మనిషికి స్టీరింగ్ ఇవ్వకూడదు. నడిపేవాళ్లందరి పేర్లూ అద్దె వ్యాన్ కాగితంలో ఉండాలి.

ఇంకో ముఖ్యమైన మాట. సెలవులకు మన ఊరెళ్లి పశువుల కొట్టంలో, పొలంలో తిరిగి వస్తారు కదా. న్యూజిలాండ్‌లో దిగే ముందు నింపే డిక్లరేషన్‌లో ఆ సంగతి దాచకండి. మన దగ్గర ఉన్న గాలికుంటు వ్యాధి ఇక్కడ లేదు. వస్తే ఆ ఫామ్ షోలో మీరు చూసిన జీవాలన్నీ ప్రమాదంలో పడతాయి. బురద చెప్పులు నిజాయితీగా చూపిస్తే శుభ్రం చేసి ఇస్తారు. దాచి దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.