జ్వరం దిగినా దూడకు ఆయాసం తగ్గడం లేదా?

ప్రశ్న: మా గేదె దూడకు రెండు నెలలు, బరువు 50 కిలోల దాకా ఉంటుంది. దగ్గు, 105 డిగ్రీల జ్వరం వస్తే డాక్టరు గారు నిమ్ము అని చెప్పి మూడు రోజులు యాంటీబయాటిక్ వేశారు. జ్వరం తగ్గింది, పాలు తాగుతోంది. కానీ డొక్కలు ఇంకా ఎగరేస్తోంది. మందు మార్చాలా? స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే వెంటనే తగ్గుతుందంటున్నారు, వేయించవచ్చా?

జవాబు: జ్వరం దిగి పాలు తాగుతోందంటే యాంటీబయాటిక్ పని చేస్తున్నట్టే. డాక్టరు గారు చెప్పినన్ని రోజులూ వేయించండి, మధ్యలో ఆపవద్దు. మిగిలిన ఆయాసం చాలావరకు ఊపిరితిత్తుల్లోని వాపు వల్లే.

ఊపిరితిత్తుల గాలి గదుల్లో మాక్రోఫేజ్ అనే కాపలా కణాలుంటాయి. లోపలికి వెళ్లే దుమ్మునూ కొద్దిపాటి క్రిములనూ ఇవి వాపు రానివ్వకుండానే మింగేస్తాయి. గాలి గదుల గోడలు, వాటి మీది సర్ఫాక్టెంట్ పూత ఈ కణాలను రెచ్చిపోకుండా పట్టి ఉంచుతాయి. దుమ్ము పడ్డప్పుడల్లా వాపు వస్తే ఏ దూడకూ ఊపిరి ఆడదు.

పాశ్చురెల్లా, మాన్‌హీమియా లాంటి క్రిములు విపరీతంగా పెరిగినప్పుడు ఆ పట్టు సడలుతుంది. మాక్రోఫేజ్‌ల పిలుపుతో రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వస్తాయి. అవి క్రిముల మీద వదిలే ఎంజైములు పల్చటి గాలి గదుల గోడలనూ తినేస్తాయి. మాన్‌హీమియా విషం ఆ కణాలనే పగలగొడుతుంది కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ. గదుల్లో నీరు, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచు పదార్థం) చేరి గాలికి చోటుండదు. క్రిములు చచ్చాక మాక్రోఫేజ్‌లు చనిపోయిన న్యూట్రోఫిల్స్‌ను మింగి, వాపు తగ్గించే ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే సంకేత పదార్థాలను విడుదల చేస్తాయి. ఈ శుభ్రతకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

స్టెరాయిడ్ వద్దనే నా సలహా. అది వాపుతో పాటు క్రిములతో పోరాడే శక్తినీ అణిచేస్తుంది. ఒకట్రెండు రోజులు దూడ హుషారుగా కనిపించి, మిగిలిన క్రిములు మళ్లీ పెరిగితే రెండోసారి నిలబెట్టడం కష్టం. దీనికంటే నొప్పి, వాపు తగ్గించే మెలోక్సికామ్ మేలు (ఇది స్టెరాయిడ్ కాదు): కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాములు, అంటే మీ దూడకు 25 మిల్లీగ్రాములు, ఒక్కసారి. సీసా మీద మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూసి డాక్టరు గారి చేతనే వేయించండి. ఇప్పటికే నొప్పి మందు గానీ స్టెరాయిడ్ గానీ పడి ఉంటే ముందే చెప్పండి. కళ్లు లోపలికి పోయి, చర్మం లాగి వదిలితే మెల్లగా సర్దుకుంటుంటే ముందు ఒంట్లో నీరు భర్తీ చేయాలి. లేకపోతే మెలోక్సికామ్ వల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

రోజూ ఉదయం పాలు తాగకముందు, దూడ పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు డొక్క కదిలిందో లెక్కపెట్టి రాసుకోండి. 40 దాటితే ఇంకా ఇబ్బంది ఉన్నట్టే. రోజురోజుకూ తగ్గుతుంటే మందు మార్చనక్కర్లేదు. జ్వరం మళ్లీ 103.5 దాటినా, మెడ చాచి నోటితో గాలి పీల్చినా అదే రోజు డాక్టరు గారికి చూపించండి.

కొట్టంలో దూడ ముక్కు ఎత్తుకు మోకాళ్ల మీద వంగి వాసన చూడండి. మూత్రం ఘాటు తగిలితే అమ్మోనియా ఉన్నట్టే. అది శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసే సన్నటి నూగును దెబ్బతీస్తుంది. తడి గడ్డి రోజూ తీసి పొడిది వేయండి, పైభాగంలో గాలి పోయే దారి ఉంచండి. దూడ కోలుకునేదాకా గొట్టంతో నూనె, కషాయం తాపవద్దు. ఆయాసంలో అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది.